సాఫ్ట్‌వేర్‌లో డ్రైనేజీ లైను, దాని ట్రెంచ్ మోడల్ చేయడం ఎలా?

డ్రైనేజీ డిజైన్ అంటే చాలామంది పైపు గీసి, మ్యాన్‌హోళ్లు పెట్టి, ఇన్వర్ట్ లెవల్స్ (పైపు లోపలి అడుగు మట్టాలు) రాసి ఫైలు పంపేస్తారు. సైట్‌లో గొడవలు మాత్రం పైపు దగ్గర కంటే దాన్ని పెట్టే గోతి దగ్గరే ఎక్కువ. అందుకే ట్రెంచ్ కూడా మోడల్‌లో ఉండాలంటాను. నేను వాడేది ఆటోడెస్క్ వారి సివిల్ 3డి కాబట్టి అందులోనే చెబుతాను.

ముందు సర్వే పాయింట్లతో నేల సర్ఫేస్ (నేల ఎత్తుపల్లాల 3డి నమూనా) తయారు చేసుకోండి. రోడ్డు మధ్య లెవల్స్ ఒక్కటే చాలవు, రెండు పక్కల ఇళ్ల గడపల దాకా తీసుకోవాలి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

తర్వాత పార్ట్స్ లిస్ట్, అంటే వాడబోయే పైపులు, మ్యాన్‌హోళ్ల జాబితా. మీ పనిలో వాడే సైజులే అందులో ఉంచండి. పైపు గోడ మందం సరిగా ఉందో లేదో ఇక్కడే చూసుకోవాలి. 200 ఎంఎం ఎన్‌పీ2 (ఒత్తిడి లేకుండా పారే పైపుల్లో ఒక తరగతి) ఆర్‌సీసీ పైపుకి గోడ 25 ఎంఎం. కేటలాగ్‌లో వేరే దేశపు పైపు ఉంటే లెవల్స్ అన్నీ కొద్దికొద్దిగా తప్పుతాయి, ఎవరూ పట్టుకోలేరు.

ఇప్పుడు రూల్స్, అంటే గీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పాటించే నియమాలు. పైపుకి ‘కవర్ అండ్ స్లోప్’ (పైపు మీద మట్టి మందం, వాలు), మ్యాన్‌హోల్‌కి ‘పైప్ డ్రాప్ అక్రాస్ స్ట్రక్చర్’ (వచ్చే పైపు కంటే పోయే పైపు ఎంత కిందికి ఉండాలో) పెట్టండి. వాలు శాతంలో అడుగుతుంది, 200కి 1 అంటే 0.5. ఈ వాలు సరిపోతుందా అన్నది మ్యానింగ్ సూత్రంతో చూద్దాం. 200 ఎంఎం పైపు, ఎన్ విలువ (పైపు లోపలి గరుకుదనం) 0.013 అయితే నిండుగా పారేటప్పుడు వేగం సెకనుకు 0.74 మీటర్లు. పైపులో 0.8 వంతు లోతున పారితే దాదాపు 0.84 వస్తుంది. సీపీహెచ్‌ఈఈఓ (కేంద్ర ప్రభుత్వ సంస్థ) మురుగునీటి మాన్యువల్ లైను వాడకం మొదలైన కొత్తలో పీక్ ప్రవాహానికి 0.6, డిజైన్ పీక్‌కి 0.8 ఉండాలంటుంది కాబట్టి పరవాలేదు. గరిష్ఠం 3 మీటర్లు.

గీసేటప్పుడు ‘క్రియేట్ పైప్ నెట్‌వర్క్’ టూల్‌బార్‌లో డౌన్‌స్లోప్ బటన్ నొక్కి, ఎగువ మ్యాన్‌హోల్ నుంచి దిగువకు రండి. 30 మీటర్లకొక మ్యాన్‌హోల్ పెట్టండి. వాననీటి పైపులు కూడా ఉంటే వాటికి అదే డ్రాయింగ్‌లో వేరే నెట్‌వర్క్ చేయండి. వాటి సైజు వాన తీవ్రత, పరివాహక విస్తీర్ణం బట్టి తేలుతుంది, గీసే పద్ధతి మాత్రం ఇదే. రెండు నెట్‌వర్క్‌లూ పూర్తయ్యాక ఇంటర్‌ఫియరెన్స్ చెక్ నడపండి. పైపులు తగలకపోయినా మధ్య దూరం తక్కువైన చోట్లు కూడా చూపేలా ప్రాక్సిమిటీ చెక్ ఆన్‌లో పెట్టండి.

ఒక హెచ్చరిక. రూల్స్ గీసేటప్పుడు పనిచేస్తాయి. ఆ తర్వాత మీరు టేబుల్‌లో ఒక ఇన్వర్ట్ చేత్తో మారిస్తే, రూల్ తప్పిందని గుర్తు చూపుతుందే తప్ప సరిచేయదు. నేల సర్ఫేస్ మారితే మ్యాన్‌హోల్ మూతలు లేస్తాయి, దిగుతాయి, పైపులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఒకసారి కొత్త సర్వే కలిపాక ఈ సంగతి మర్చిపోయి ఎల్‌ఎస్ (లైను పొడవునా నిలువు కోత) షీట్లు ప్రింట్ తీసేశాను. రెండు పైపుల కవర్ 40 సెంటీమీటర్లకు పడిపోయింది. చూసుకున్నాక ఆ రాత్రంతా టెన్షనే. అప్పటి నుంచి సర్ఫేస్ ముట్టుకున్న ప్రతిసారీ ‘అప్లై రూల్స్’ నొక్కుతున్నా.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నేల చదునుగా 50.000 మీటర్ల దగ్గర ఉందనుకోండి. కవర్ 0.9 మీటర్లు, గోడ 25 ఎంఎం, పైపు 200 ఎంఎం తీసేస్తే మొదటి ఇన్వర్ట్ 48.875. ప్రతి 30 మీటర్లకు 150 ఎంఎం వాలు, ప్రతి మధ్య మ్యాన్‌హోల్‌లో 30 ఎంఎం డ్రాప్. 300 మీటర్లు పోయేసరికి ఇన్వర్ట్ 47.105. కింద పైపు గోడ, 150 ఎంఎం బెడ్డింగ్ (పైపు కింద వేసే పరుపు) కలిపితే అక్కడ ట్రెంచ్ లోతు 3.07 మీటర్లు.

ఇప్పుడు నెట్‌వర్క్ పార్ట్స్ నుంచి అలైన్‌మెంట్ (పై నుంచి చూస్తే లైను పోయే దారి) తీయండి. ప్రొఫైల్ వ్యూలో (లైను పొడవునా లెవల్స్ చూపే బొమ్మలో) పైపు ఇన్వర్ట్‌ల వెంట ఒక ప్రొఫైల్ గీయండి, మ్యాన్‌హోళ్ల దగ్గర డ్రాప్ కూడా చూపిస్తూ. అసెంబ్లీలో (అడ్డుకోత ఆకారంలో) ట్రెంచ్ కోసం ఉన్న ‘ట్రెంచ్‌పైప్1’ పెట్టి అడుగు వెడల్పు, బెడ్డింగ్ మందం, పక్కల వాలు ఇవ్వండి. దాని అటాచ్‌మెంట్ పాయింట్ ఎక్కడ ఉందో హెల్ప్‌లో చూడకుండా ముందుకెళ్లకండి, ప్రొఫైల్ లెవల్ దానికి తగ్గట్టే ఉండాలి. కారిడార్ (ఆ అడ్డుకోతను లైను పొడవునా సాగదీసిన 3డి మోడల్) చేసి, టార్గెట్‌గా నేల సర్ఫేస్ ఇవ్వండి.

అడుగు వెడల్పు 1 మీటరు, పక్కలు నిటారుగా ఉంటే దిగువ చివర మీటరు పొడవుకి 3.07 ఘనపు మీటర్ల మట్టి. అదే పక్కలకు 1:1 వాలు ఇస్తే పైన వెడల్పు 7.14 మీటర్లు, మట్టి 12.5 ఘనపు మీటర్లు, అంటే నాలుగు రెట్లు. రోడ్డు 6 మీటర్లదైతే ఆ గొయ్యి రెండు పక్కల గోడల కిందికి పోతుంది. గడపల దాకా సర్వే అడిగింది ఇందుకే. ఇలాంటి చోట షోరింగ్ (పక్కలు కూలకుండా పలకలు, కర్రలతో ఆపు) తప్పదు. 1.5 మీటర్లు దాటిన ట్రెంచ్‌కి షోరింగ్ ఉండాలని తవ్వకం భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ఎలాగూ చెబుతోంది. కాబట్టి ఎగువన వాలు పక్కలు, లోతు పెరిగిన చోట నుంచి నిటారు పక్కలు అని కారిడార్‌ని రెండు రీజియన్లుగా విడగొట్టండి.

కారిడార్ అడుగు సర్ఫేస్‌కీ నేలకీ మధ్య వాల్యూమ్ సర్ఫేస్ చేస్తే తవ్వకం లెక్క వస్తుంది. తిరిగి పూడ్చే మట్టికి దాంట్లోంచి బెడ్డింగ్, పైపు బయటి ఘనపరిమాణం తీసేయాలి. మ్యాన్‌హోళ్ల దగ్గర గొయ్యి ఇంకా వెడల్పుగా తవ్వుతారు, అది కారిడార్‌లో రాదు. నేనైతే దాన్ని విడిగా ఎక్సెల్‌లో వేసి కలుపుతాను. అందంగా లేదు కానీ త్వరగా అయిపోతుంది.

సైట్‌కి పంపే షీట్‌లో ఇన్వర్ట్ పక్కన ట్రెంచ్ అడుగు లెవల్‌కి ఒక కాలమ్ పెట్టండి. మొదటి మ్యాన్‌హోల్‌కి 48.875 పక్కన 48.700. జేసీబీ డ్రైవర్ అడిగేది ఆ రెండో అంకే.