సర్వర్ కాపలా, 4వ పాఠం: ప్యాచ్ వేశారు సరే, అది నడుస్తోందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారనుకుంటున్నా. ఏ పోర్టు మీద ఏ సర్వీసు కూర్చుందో చూసి, అక్కర్లేనివి ఆపేశారు కదా. బయటికి 22, 80, 443 మాత్రమే మిగిలితే ఈరోజు పని మొదలుపెట్టొచ్చు. కమాండ్లు ఎప్పటిలాగే నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. మన దగ్గరున్నది ఉబుంటూ 22.04, దాని మీద సైటును జనానికి అందించే అపాచీ, పీహెచ్‌పీ. డెబియన్ వాడేవాళ్లకూ దాదాపు ఇదే.

ముందు నా పరువు పోయిన కథ చెప్పాలి, ఎందుకంటే ఈ పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వ్యాపారం చేసే ఒకాయన సైటు నేను చూసుకుంటాను. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అనే పిలుస్తాను. యార్డులో ఉల్లి క్వింటా ఎంత పలికిందో ఆయన గుమాస్తా రోజూ సైటులో పెడతాడు, రైతులు ఫోన్లో చూసుకుని బండి కట్టాలా వద్దా అని తేల్చుకుంటారు. సర్వర్ అద్దెది, ముంబైలో ఉంది. నేను వారానికోసారి లాగిన్ అయి అప్‌డేట్ కొట్టి "అంతా బాగుందన్నా" అని చెప్పేవాణ్ణి.

ఒకసారి సైటు నెమ్మదిగా ఉందంటే చూద్దామని 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అపాచీ2' కొట్టా. యాక్టివ్ అని పచ్చగానే ఉంది, కానీ దాని పక్కనే 41 రోజుల నుంచి నడుస్తోంది అని కూడా ఉంది. ముందు గర్వపడ్డా, ఒక్కసారి కూడా పడిపోలేదని. తర్వాత గుండె జారింది. సైటుకి, చూసేవాళ్లకి మధ్య మాటల్ని రహస్యంగా ఉంచే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, దానికి సెక్యూరిటీ అప్‌డేట్ వేసింది అంతకు ఆరు రోజుల ముందు. మరి 41 రోజులుగా ఆగకుండా నడుస్తున్న అపాచీ ఏ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాడుతున్నట్టు? పాతదే. అంటే నేను వేసిన ప్యాచ్ డిస్కు మీద పడుకుని ఉంది, కాపలా కాస్తున్నది మాత్రం చిల్లున్న పాతదే. అన్నకి చెబితే ఆయన అడిగిందొకటే: "ఏమబ్బా, వారం వారం ఏదో వేస్తాంటివి కదా, అది యాడికి పోయె?"

ఎక్కడికీ పోలేదు. ఎందుకిలా అవుతుందో ఇక్కడ కాస్త నిదానంగా అర్థం చేసుకుందాం, ఎందుకంటే అప్‌డేట్ కొట్టడం అందరికీ వస్తుంది, ఈ ముక్క దగ్గరే తప్పుతుంది.

లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు తనకు కావలసిన లైబ్రరీ ఫైళ్లను మెమరీలోకి కలుపుకుంటుంది. అపాచీ అయితే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌క్రిప్టో లాంటివి. మీరు అప్‌డేట్ కొట్టినప్పుడు ప్యాకేజీ మేనేజర్ పాత ఫైలులోకి కొత్తది రాయదు. కొత్త ఫైలును పక్కన పెట్టి, ఆఖర్న పాత పేరు దానికి తగిలిస్తుంది. పాత ఫైలుకు పేరు పోయింది, కానీ దాన్ని పట్టుకున్న ప్రాసెస్ వదిలేదాకా అది చావదు. అపాచీ దానితోనే పని కానిస్తూ ఉంటుంది. యార్డులో బోర్డు మీద రేటు చెరిపి కొత్తది రాశారు, కానీ లోపల గుమాస్తా పొద్దున చూసి గుర్తుపెట్టుకున్న రేటే ఫోన్లో అందరికీ చెబుతున్నాడనుకోండి, అచ్చం అదే. గుమాస్తాను లేపి బోర్డు దగ్గరికి పంపాలి. మన భాషలో రీస్టార్ట్.

2014 ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ బయటపడినప్పుడు దెబ్బ గట్టిగా తగిలింది ఇక్కడే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు ఉన్న లోపం అది, ఒక్కో అభ్యర్థనకు సర్వర్ మెమరీలోంచి 64 కేబీ దాకా బయటివాడికి కారిపోయేది, అందులో పాస్‌వర్డులుండొచ్చు, ప్రైవేట్ కీ కూడా ఉండొచ్చు. ప్యాకేజీ అప్‌డేట్ చేసి హమ్మయ్య అనుకున్నవాళ్ల సర్వర్లు, రీస్టార్ట్ చేసేదాకా కారుతూనే ఉన్నాయి. దానికి రీస్టార్ట్‌తో కూడా సరిపోలేదు, కీలు మార్చి సర్టిఫికెట్లు కొత్తవి తీసుకోవాల్సి వచ్చింది. అది వేరే కథ.

నా తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. 22.04 సర్వర్లో నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. అప్‌డేట్ అయ్యాక ఊదారంగు తెర వేసి, ఫలానా సర్వీసులు పాత లైబ్రరీ పట్టుకుని ఉన్నాయి, రీస్టార్ట్ చేయమంటావా అని అడుగుతుంది. పాపం అది అడిగింది. పొద్దున రేట్లు చూసే టైం, సైటు పడిపోతుందేమోనని టెన్షన్‌తో నేనే క్యాన్సిల్ కొట్టా, సాయంత్రం చేద్దామనుకున్నా. ఏ సాయంత్రమో మీకు తెలుసు.

సరే, ఇప్పుడు పని. కూర్చునే ముందు సర్వర్లో లాగిన్ అయి అక్కడ టీమక్స్ తెరవండి, కనెక్షన్ తెగినా పనిని ఆగకుండా నడిపించే ప్రోగ్రామ్ అది. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ ఎండాకాలం మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, రౌటర్ ఆగితే ఎస్ఎస్‌హెచ్, అంటే సర్వర్‌తో మన కనెక్షన్, తెగుతుంది, ఎస్ఎస్‌హెచ్ తెగితే సగంలో ఉన్న అప్‌గ్రేడ్ కూడా దానితోపాటే పోవచ్చు. టీమక్స్‌లో ఉంటే అది ముంబైలో దాని పని అది చేసుకుంటుంది, కరెంటొచ్చాక మళ్లీ వెళ్లి 'టీమక్స్ అటాచ్' అంటే ఎక్కడిదక్కడే కనిపిస్తుంది. ఇప్పటికే సగంలో తెగిపోయి ఉంటే 'సుడో డీప్యాకేజ్ డబుల్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ' కొట్టండి, మిగిలింది పూర్తి చేస్తుంది. డీప్యాకేజ్ అని నేను పలుకుతా, టైప్ చేసేటప్పుడు డి, పి, కె, జి.

తర్వాత ఈటీసీలో ఉన్న అపాచీ2 ఫోల్డర్ మొత్తాన్ని రూట్ ఫోల్డర్లోకి తేదీ పేరుతో ఒక కాపీ. 'సుడో సీపీ మైనస్ ఏ' చాలు. అద్దెకిచ్చినవాళ్లు స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తానికి కాపీ) సౌకర్యం ఇస్తే అది కూడా తీసుకోండి.

'సుడో ఆప్ట్ అప్‌డేట్'. ఇది ఏదీ మార్చదు, ఏమేం కొత్తవి వచ్చాయో జాబితా తెచ్చుకుంటుంది, అంతే. పేరు చూసి దీంతోనే అప్‌డేట్ అయిపోయిందనుకునేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. తర్వాత 'ఆప్ట్ లిస్ట్ డబుల్ మైనస్ అప్‌గ్రేడబుల్'. ఒక్కో లైనులో ప్యాకేజీ పేరు పక్కన జామీ-సెక్యూరిటీ అని ఉంటే అది భద్రత కోసం వచ్చింది. జామీ-అప్‌డేట్స్ అని మాత్రమే ఉంటే మామూలు మరమ్మతు. వాటిలో కొన్ని 'కెప్ట్ బ్యాక్' అని ఆగిపోతే కంగారు పడకండి, ఉబుంటూ మామూలు అప్‌డేట్లను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా విడతలవారీగా వదులుతుంది. సెక్యూరిటీవి మాత్రం అలా ఆపదు.

ఇక 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్'. మధ్యలో ఒక ప్రశ్న రావచ్చు: ఈ కాన్ఫిగ్ ఫైలును నువ్వు మార్చినట్టున్నావు, ప్యాకేజీలోనూ కొత్తది వచ్చింది, ఏది ఉంచమంటావు? ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే మీది ఉంటుంది, కొత్తది పక్కన చివర డీప్యాకేజ్-డిస్ట్ అనే పేరుతో పడి ఉంటుంది. డి నొక్కితే రెండింటి తేడా చూపిస్తుంది, తప్పకుండా చూడండి. నేను ఒక రాత్రి పదకొండు గంటలకు నిద్రమత్తులో వై కొట్టా. మా సైటు ఫైళ్లు ఎస్ఆర్‌వీ ఫోల్డర్లో ఉంటాయి, దానికి అనుమతిచ్చే నాలుగు లైన్లు అపాచీ2 డాట్ కాన్ఫ్‌లో నేను రాసుకున్నవి. కొత్త ఫైలొచ్చి కూర్చోగానే అవి మాయం, సైటంతా 403 ఫర్బిడెన్. పాతది డీప్యాకేజ్-ఓల్డ్ అనే పేరుతో పక్కనే ఉంటుందని తెలుసుకునేలోపు అరగంట చెమటలు పట్టాయి.

అప్‌గ్రేడ్ అయింది. ఇప్పుడు అసలు పరీక్ష, మూడు చోట్ల చూడాలి.

మొదటిది తేదీలు. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అపాచీ2' లో సర్వీసు ఎప్పుడు మొదలైందో ఉంటుంది. వార్, లాగ్, ఆప్ట్ ఫోల్డర్లోని హిస్టరీ డాట్ లాగ్ ఫైల్లో ఏ ప్యాకేజీ ఏ నిమిషానికి మారిందో ఉంటుంది. సర్వీసు మొదలైన టైం ప్యాకేజీ మారిన టైం తర్వాతిదై ఉండాలి. కాకపోతే నా 41 రోజుల కథే. ఇంతకంటే సులువైన పరీక్ష లేదు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మన టైంకి ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, కానీ రెండూ అదే గడియారం కాబట్టి పోల్చడానికి ఇబ్బంది లేదు.

రెండోది 'సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ మైనస్ ఎన్', దాన్ని పైపు పెట్టి 'గ్రెప్ డెల్' అనండి, డెల్ పెద్ద అక్షరాల్లో. పేరు పోయినా ఇంకా ఎవరో పట్టుకుని ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. అపాచీ వరుసలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ గానీ లిబ్‌క్రిప్టో గానీ ఉందంటే రీస్టార్ట్ కావాలి. మొదటిసారి చూసినప్పుడు జాబితా చాంతాడంత వచ్చి భయపెడుతుంది, అందులో డెవ్ జీరో లాంటివి కూడా ఉంటాయి, అవి ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ, వాటిని వదిలేయండి. చివర ఎస్‌ఓ అని ఉన్న లైబ్రరీ ఫైళ్లే మనకు కావలసింది.

మూడోది కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ. 'ఎల్‌ఎస్ వార్ రన్' లో రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైలు కనిపిస్తే సర్వీసు రీస్టార్ట్‌తో పనవదు, మిషన్ మొత్తం రీబూట్ చేయాలి. ఉల్లి సైటుకి నేను రాత్రి ఒంటిగంట పెట్టుకున్నా.

రీస్టార్ట్ చేసే ముందు 'సుడో అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్'. సింటాక్స్ ఓకే అని రావాలి. ఇది చూడకుండా రీస్టార్ట్ కొడితే, ఎప్పుడో మీరు చేసిన అక్షరదోషానికి ఇప్పుడు సైటు పడిపోతుంది, మీరేమో ప్యాచ్‌ని తిట్టుకుంటారు. ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్లకి 'ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ'. ఓకే వచ్చాక 'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2'. రీలోడ్ కాదు. రీలోడ్‌లో అపాచీ పెద్ద ప్రాసెస్ అలాగే ఉండి పిల్లల్ని మాత్రం మారుస్తుంది, కాన్ఫిగ్ మార్పులకు అది చక్కగా సరిపోతుంది, లైబ్రరీ మారినప్పుడు దాన్ని నమ్ముకోవద్దు. రీస్టార్ట్‌కి పట్టేది ఒకటి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లకి భయపడి నేను నలభై ఒక్క రోజులు... పోనీలెండి. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం వాడుతుంటే దాన్ని విడిగా రీస్టార్ట్ చేయాలి, అపాచీతో పాటు అది కదలదు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఉల్టా సమస్య. ప్యాచ్ నిజంగానే వేశారు, నడుస్తోంది కూడా, అయినా వేయలేదని ఎవరో రిపోర్టు ఇస్తారు. అన్న తమ్ముడి కొడుకు బీటెక్ చదువుతున్నాడు, వాడు సర్వర్లలో లోపాలు వెతికే స్కానర్ ఏదో నడిపి ఎర్ర రంగుల కాగితం తెచ్చాడు. "చిన్నాన్నా, మీ అపాచీ 2.4.52 అంట, సీవీఈ-2023-25690 ఉందంట, 2.4.56కి పోవాలంట." సీవీఈ అంటే బయటపడ్డ ఒక్కో లోపానికి ఇచ్చే నంబరు. పిల్లోడి తప్పేం లేదు, స్కానర్ చెప్పింది చదివాడు. స్కానర్ చేసిందల్లా వెర్షన్ నంబరు చూసి లెక్క కట్టడమే.

ఉబుంటూ, డెబియన్ వాళ్లు మామూలుగా కొత్త వెర్షన్ తెచ్చి పెట్టరు. అసలు తయారుచేసినవాళ్ల నుంచి వచ్చిన మరమ్మతు ఒక్కటీ తీసుకుని తమ పాత వెర్షన్‌కే అతుకు వేస్తారు, బ్యాక్‌పోర్ట్ అంటారు. ముందు నంబరు మారదు, తోక మారుతుంది. హార్ట్‌బ్లీడ్ అప్పుడు డెబియన్ 7లో బాగుచేసిన ప్యాకేజీ పేరు 1.0.1ఈ-2+డెబ్7యూ5. 1.0.1ఈ అంటే లోపమున్నదే కదా అని గాబరా పడ్డవాళ్లున్నారు, కానీ మందు ఆ యూ5లో ఉంది. కాబట్టి నంబరుతో వాదించకండి, 'ఆప్ట్ చేంజ్‌లాగ్ అపాచీ2' కొట్టి అందులో ఆ సీవీఈ నంబరు వెతకండి. పిల్లోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించా, సీవీఈ-2023-25690 దొరికింది, ఏ ఫైలు మార్చారో కూడా రాసుంది. వాడు ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

కొత్త నంబరంటే భద్రం అనే నమ్మకం కూడా అంత గట్టిది కాదు. 2021 సెప్టెంబర్లో అపాచీ 2.4.49 వచ్చింది. దానితోపాటే సీవీఈ-2021-41773 కూడా వచ్చింది, అడ్రస్‌లో చుక్కల్ని మారువేషంలో పంపి సైటు ఫోల్డర్ దాటి బయటి ఫైళ్లు చదివే లోపం. అక్టోబర్లో 2.4.50 ఇచ్చారు, అది సగమే మూసింది, రోజుల్లోనే 2.4.51 ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు ఉబుంటూ 20.04లో ఉన్నది 2.4.41, ఆ లోపం దానిలోకి రానేలేదు. కొత్తది కావాలని సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లు పరుగులు పెట్టారు. అలాగని పాతదాన్ని పట్టుకుని వేలాడమని కాదు, అదే 20.04కి మామూలు మద్దతు 2025 మేలో అయిపోయింది, ఇప్పుడు దాని మీద ఆప్ట్ అప్‌గ్రేడ్ ఏమీ లేదని చెబితే బాగుందని కాదు అర్థం, మామూలుగా ఇచ్చేవాళ్లు లేరని.

ఇంకోటి, ఆప్ట్ తాను తెచ్చినవాటినే చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు, మీరు చేత్తో దించి పెట్టినవి దాని లెక్కలో లేవు. వాటికి ఒక పాఠం పూర్తిగా కావాలి, ఆరోదిగా రాస్తా.

ఈ వారం పని: మీ సర్వర్లో అపాచీ మొదలైన తేదీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చివరిసారి మారిన తేదీ రెండూ ఒక కాగితం మీద రాయండి. తర్వాత చేంజ్‌లాగ్‌లో అన్నిటికంటే పైనున్న సీవీఈ నంబరు ఒకటి. వచ్చే పాఠంలో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ పెట్టి, సెక్యూరిటీ ప్యాచ్‌లు రాత్రి వాటంతట అవే పడేలా, కావాలంటే రీబూట్ కూడా మనం చెప్పిన గంటకే అయ్యేలా చేద్దాం. ఆ కాగితం అప్పుడు కావాలి, పారేయకండి.