ఎండాకాలం పిల్లల కళ్ళ దురద: మెడికల్ షాపు చుక్కలతో జాగ్రత్త

పొదిలి వైపు ఒక పదో తరగతి పిల్లాడు సైకిల్ మీద పోతూ పక్క నుంచి వస్తున్న బండి కనపడక పడిపోయాడు. ఆసుపత్రిలో చూస్తే రెండు కళ్ళలోనూ ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింది, నీటికాసులు అన్నారు. పోయిన చూపు ఇక రాదట. వాడికి చిన్నప్పటి నుంచి కళ్ళ దురద. ఏటా ఎండలు ముదరగానే ఎప్పటిదో పాత చీటీ చూపించి అవే చుక్కలు తెచ్చి వేశారు. మార్చి వచ్చేస్తోంది, నెల్లూరు వైపు కోత మిషన్లు దిగుతాయి, కందుకూరు వైపు పొగాకు దుమ్ము, చీమకుర్తిలో రాతి దుమ్ము ఎటూ ఉన్నదే. అందుకే ఇప్పుడు రాస్తున్నా. దుమ్ములో తిప్పొద్దు, చేతులు కడిగించండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

కంటి అలర్జీ అన్ని దేశాల్లో ఒకేలా రాదు. ఇంగ్లండ్‌లో ఎక్కువమందికి గడ్డి పుప్పొడి వల్ల వస్తుంది, వేసవిలో కొన్ని వారాలు తుమ్ములు, కళ్ళు కారడం, పుప్పొడి తగ్గగానే అదీ తగ్గుతుంది, నల్లగుడ్డుకు సాధారణంగా ఏమీ కాదు. జపాన్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సుగి చెట్ల పుప్పొడి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం కొండల నిండా నాటిన చెట్లవి. మన పిల్లల్ని పీడించేది వేరే రకం, డాక్టర్లు వీకేసీ అంటారు, పూర్తి పేరు వెర్నల్ కెరటో కంజంక్టివైటిస్. ఎండా పొడిగాలీ ఉన్న చోట్ల ఎక్కువ: ఇటలీ వైపు, అరబ్ దేశాలు, ఆఫ్రికా, మనం. ఉత్తర ఐరోపాలో అరుదు. ఆడపిల్లల కంటే మగపిల్లలకు ఎక్కువ.

ఇందులోనూ మళ్ళీ తేడాలు. యూరప్ పిల్లల్లో పై రెప్ప లోపల గులకరాళ్ళు పరిచినట్టు బుడిపెలు ఎక్కువ కనిపిస్తాయి, ఆఫ్రికాలో నల్లగుడ్డు అంచు చుట్టూ వాపు ఎక్కువ. మనవాళ్ళలో చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2013లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే. పైగా మన వేడికి కొందరు పిల్లలకు ఏడాదంతా ఉంటుంది. ఏడాదంతా జబ్బంటే ఏడాదంతా చుక్కలు. ముప్పు అక్కడ మొదలవుతుంది.

అమెరికాలో ఉన్న బాబాయి ఫోన్లో "ఏం లేదులే, షాపులో అలర్జీ చుక్కలు తెచ్చి వెయ్యండి" అంటాడు. అక్కడ చీటీ లేకుండా దొరికే అలర్జీ చుక్కలు కీటోటిఫెన్, ఒలోపటడిన్ లాంటివి (ఒలోపటడిన్‌కు ఆ అనుమతి 2020లో ఇచ్చారు). స్టిరాయిడ్ చుక్కలు డాక్టరు రాస్తేనే ఇస్తారు. రూలు మన దగ్గరా అదే, పాటించేదెవరు? కళ్ళు ఎర్రబడ్డాయి అనగానే చాలాసార్లు చేతిలో పెట్టేది స్టిరాయిడ్ సీసానే. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, దురద పోతుంది, మందు భలే పనిచేసిందని అదే సీసా మళ్ళీ మళ్ళీ కొంటారు. కానీ ఆ చుక్కలు ఎక్కువకాలం వేస్తే కంటి లోపల ప్రెషర్ పెరగొచ్చు, పెరుగుతుంటే నొప్పి ఉండదు. పక్క చూపు ముందు పోతుంది కాబట్టి పిల్లాడికీ తెలియదు, మనకీ తెలియదు. చిన్న వయసులోనే శుక్లాలు కూడా వస్తాయి. స్టిరాయిడ్ చెడ్డ మందని నేననడం లేదు, జబ్బు ముదిరినప్పుడు డాక్టర్లే రాస్తారు, కొన్నాళ్ళకు తగ్గించి ఆపేస్తారు. పాత చీటీతో సొంతంగా కొనడమే కొంప ముంచేది.

సీసా మీద ఈ పేర్లుంటే స్టిరాయిడే: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్. యాంటీబయాటిక్‌తో కలిపి కూడా అమ్ముతారు, కాబట్టి చిన్న అక్షరాలు కూడా చదవండి.

పాత చీటీతో కొనొద్దు.

అన్నకు రాసిన చుక్కలు తమ్ముడికి వెయ్యొద్దు.

కళ్ళు నులమనివ్వొద్దు. ఏళ్ళ తరబడి పిడికిళ్ళతో నులిమితే నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది, తర్వాత అద్దాలు పెట్టినా చూపు సరిగా ఆనదు. దురద పుట్టినప్పుడు చల్లటి నీళ్ళలో ముంచిన శుభ్రమైన గుడ్డ మూసిన కళ్ళ మీద వెయ్యండి.

చనుబాలు, ఆకు పసర్లు, ఆముదం కంట్లో పొయ్యొద్దు. నందివర్ధనం పూలు రెప్పల మీద పెడితే పెట్టారు గానీ, రసం పిండొద్దు.

బండి మీద ముందు కూర్చోబెట్టుకుంటే పిల్లాడికి అద్దాలు పెట్టండి.

పొద్దున్నే కళ్ళు తెరవలేకపోయినా, వెలుతురు చూడలేక మూల కూర్చున్నా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనపడినా అది పుండు కావచ్చు. ఆ రోజే వెళ్ళండి, సోమవారం దాకా ఆగొద్దు.

డాక్టరు రాసిన స్టిరాయిడే అయినా, వాడినన్నాళ్ళూ కంటి ప్రెషర్ చూపించండి. చూడకపోతే చూడమని అడగండి, మొహమాటపడొద్దు.

మళ్ళీ చెప్తున్నా, పాత చీటీతో కొనొద్దు. షాపువాడు తెలిసినవాడైనా, మీ మేనమామైనా సరే కొనొద్దు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపులో, దేవుడి అలమరలో సగం వాడిన సీసాలుంటే ఈ పూటే తీసి పేర్లు చదవండి. పైన చెప్పిన పేరుండి, నెలల తరబడి వేస్తూ ఉంటే ఉన్నపళంగా ఆపేసి ఊరుకోవద్దు, మళ్ళీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఆ సీసా పట్టుకునే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, తిడతారని దాచకుండా ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నారో చెప్పండి.