ర్యాప్ విందాం రండి – 5వ పాఠం: తలపండిన ర్యాపర్‌ని తూచడం

పోయిన పాఠం చివర ఒక పాటలో 16 బార్లు (బారు అంటే పాట నడకని కొలిచే ముక్క) లెక్కపెట్టి రమ్మన్నాను. లెక్కలు వచ్చాయి. కొందరికి 8, కొందరికి 32, ఒకాయనకి పదకొండున్నర. తప్పు నాదే. "దెబ్బకి ఒకటి చొప్పున" అని రాసి, ఏ దెబ్బో చెప్పకుండా వదిలేశాను.

ముందు ఆ చిక్కు తీసేద్దాం. డ్రమ్స్‌లో మూడు చప్పుళ్లు ఉంటాయి. లావుగా డుమ్, పొడిగా టక్, సన్నగా చిక్‌చిక్. డుమ్ అటూ ఇటూ జరుగుతుంది, చిక్‌చిక్ ఇష్టమొచ్చినట్టు పరిగెడుతుంది. టక్ మాత్రం సాధారణంగా తన చోటు వదలదు. దాన్ని పట్టుకోండి. రెండు టక్‌లు అయితే ఒక బారు. 32 వచ్చినవాళ్లు ఒక్కో టక్‌నీ ఒక్కో బారుగా లెక్కపెట్టారు. 8 వచ్చినవాళ్లు చిన్నప్పుడు సంగీతం క్లాసుకి వెళ్లి ఉంటారు. ఆదితాళం ఒక ఆవర్తనం అంటే ఇక్కడ రెండు బార్లు, కాబట్టి వచ్చినదాన్ని రెండుతో గుణించుకోండి చాలు. పదకొండున్నర ఆయన రావులపాలెం బస్టాండులో కూర్చుని లెక్కపెట్టానన్నారు. ఆ హారన్ల మధ్య అంత వచ్చిందంటే మెచ్చుకోవాలి.

ఇక అసలు పని. ఒక పాత చేయి, అంటే తలపండిన ర్యాపర్, చేసిన ఆల్బంని ఎలా తూచాలి? అమెరికా ర్యాపర్ జే-జీ చేసిన 4:44 అనే ఆల్బం తీసుకుందాం. 2017 జూన్ 30న వచ్చింది. అప్పటికి ఆయనకి 47 ఏళ్లు. మొదటి ఆల్బం 1996లో వచ్చింది, ఇది పదమూడోది. పది పాటలు, 36 నిమిషాలు. రావులపాలెంలో బస్సెక్కి గౌతమి వంతెన దాటితే, రాజమండ్రి చేరేలోపే అయిపోతుంది. నేను ఇది ఎంచుకోవడానికి సగం కారణం అదే. ఇరవై పాటల ఆల్బం ఎంత గొప్పదైనా నాకు ఓపిక ఉండదు.

వినే ముందు ఒక్క అలవాటు మానుకోవాలి. మా ఊరి తీర్థంలో పద్యనాటకం వేస్తారు. పేరున్న పెద్దాయన కృష్ణుడి వేషంలో రాగానే, ఇంకా నోరు తెరవకముందే ఈలలు. గొంతు పోయిందని అందరికీ తెలుసు. అయినా పద్యం అవ్వగానే "ఒన్స్ మోర్". ఆ ఒన్స్ మోర్ ఈ రాత్రి పద్యానికి కాదు, ముప్పై ఏళ్ల కిందటి పద్యానికి. ఆల్బం తూచేటప్పుడు ఆ బాకీ తీర్చకండి.

ఇప్పుడు నన్ను విసిగించే సంగతి. "ఈ జే-జీకి ప్రాస తగ్గిపోయిందండీ, మాట్లాడుతున్నట్టుంది" అని నలుగురు రాశారు. తగ్గలేదు. మీ చెవి వేరే చోట వెతుకుతోంది.

మన పద్యంలో ప్రాస అంటే రెండో అక్షరం. రాముడు, భీముడు అంటే కుదిరింది. హల్లు అదే ఉండాలి, దాని మీద అచ్చు ఏదైనా ఫరవాలేదు. ర్యాప్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. అచ్చు అదే ఉండాలి, హల్లు ఏదైనా ఫరవాలేదు. టైమ్, లైన్, మైండ్. హల్లు వెతికే చెవికి ఇవి మూడూ చుట్టాలు కావు. ర్యాపర్‌కి ఒకే తల్లి పిల్లలు.

నమ్మకం కలగలేదా? కాకినాడ తీసుకోండి. కా-కి-నా-డ. ఇప్పుడు "వాడి మాట". వా-డి-మా-ట. ఒక్క హల్లు కలవలేదు, నాలుగు అచ్చులూ కలిశాయి. తాటి చాప. నాటి పాట. ఇవన్నీ కాకినాడకి ప్రాసలే. పాలకొల్లుకి "మామ సొమ్ము". పైకి చదవండి, నవ్వు వస్తుంది కానీ కుదురుతుంది. పైగా ఇవి పాదం చివరే రానక్కర్లేదు. పాత చేయి వీటిని వాక్యం నడుమ దాచేస్తుంది, చివర మామూలు మాట పెట్టి ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. అందుకే మాట్లాడుతున్నట్టు అనిపించేది.

దీన్ని పట్టుకోవడానికి నా సొంత కిటుకు ఒకటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూడకండి, అది అచ్చుల విషయంలో అబద్ధాలకోరు. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోండి. తర్వాత ఎర్ర పెన్నుతో గుణింతం గుర్తులకి మాత్రం సున్నా చుట్టండి. దీర్ఘం, గుడి, ఐత్వం వరసలు కళ్లముందు బారులు తీరతాయి. మన లిపిలో అచ్చు కంటికి కనబడుతుంది. ఈ పనికి దాన్ని మించిన సాధనం నాకు దొరకలేదు.

ఈ చెవితో 4:44కి వెళ్దాం. బలం ఎక్కడ? మొత్తం ఆల్బం నో ఐ.డి. అనే ఒక్క నిర్మాత (ర్యాప్‌లో నిర్మాత అంటే సంగీతం కట్టేవాడు) చేతి మీదుగా నడిచింది. పాత సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ) పాటల ముక్కలు ముందుంటాయి, మాట వాటి మీద ఆనుకుని ఉంటుంది. ఒక పాటలో నల్లజాతి గాయని నీనా సిమోన్ గొంతు వస్తుంది చూడండి, ఆమెని అక్కడ అలంకారానికి పెట్టలేదు. ఒంటి రంగు గురించి ఆమె పాడినదానికి ఈయన జవాబు చెబుతున్నాడు. ఆల్బం పేరున్న పాటలో భార్యకి క్షమాపణ చెప్పుకుంటాడు. అక్కడ ప్రగల్భం లేదు, గొంతు ఎత్తడం లేదు. పాతికేళ్ల వయసులో అయితే ఆ పాట రాయలేకపోయేవాడు. ఇంకో పాట చివర వాళ్లమ్మ స్వయంగా కవిత చదువుతుంది. అది రెండుసార్లు వినండి.

బలహీనత? అదే నీనా సిమోన్ పాటలో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక భవనం 20 లక్షల డాలర్లకి వచ్చినప్పుడు కొనలేదని, ఇప్పుడది రెండున్నర కోట్ల డాలర్లని బాధపడతాడు. మన సెంటర్లో టీకొట్టు దగ్గర రోజూ వినే మాటే. "ఆ రోజు హైవే పక్కన రెండెకరాలు కొనేసుంటేనండీ..." అంటూ గ్లాసు పక్కన పెట్టేస్తారు కదా, అదే. బాధ నిజం, అందుకే పాట పట్టుకుంటుంది. కానీ అది సలహాగా మారగానే జారిపోతుంది. కౌలు రైతుకి పొలం కొనుక్కోమని చెప్పినట్టుంటుంది. కొత్త కుర్రాళ్లని ఎత్తిపొడిచే పాట కూడా నాకు అరుగు మీద తాతగారి సణుగుడులాగే వినిపించింది. ఇంకొకటి, పది పాటలూ దాదాపు ఒకే నడకలో ఉంటాయి. ఏడో పాటకి బస్సులో నిద్ర వస్తే మీ తప్పు కాదు.

ఈ ఆల్బం సంవత్సరం ఆయనకి ఎనిమిది గ్రామీ (అమెరికాలో పెద్ద సంగీత అవార్డు) నామినేషన్లు వచ్చి ఒక్కటీ గెలవలేదు. దాన్ని బలహీనతల్లో రాయకండి. మనం తూచేది ఆల్బంని.

అభ్యాసం. ఏదైనా ఒక పాటలో 16 బార్లు (టక్‌లు లెక్కపెట్టి) తెలుగు లిపిలో రాయండి, గుణింతాలకి సున్నాలు చుట్టండి. ఒక పూట పడుతుంది. తర్వాత మూడు బలాలు, మూడు బలహీనతలు రాయండి, ప్రతిదానికీ నిమిషం, సెకను వేయాలి. సెకను వేయలేనిది కొట్టేయండి. చివరగా మీ ఊరి పేరుకి అచ్చులన్నీ కలిసే మాట ఒకటి. అమలాపురం వాళ్లు "కాపురం"తో సరిపెట్టి పంపితే ఒప్పుకోను, అందులో హల్లులు కూడా కలిసిపోయాయి.