సోడియం కరెంటు కొలిచేటప్పుడు వోల్టేజి మన చేతిలో ఉందా?

నాడీకణం (న్యూరాన్) −70 మిల్లీవోల్టుల దగ్గర విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని సోడియం చానెళ్లు (పొరలో సోడియం అయాన్లు దాటే ప్రోటీన్ దారులు) దాదాపుగా మూసుకునే ఉంటాయి. వోల్టేజి పెరగగానే చానెల్ నాలుగు డొమైన్లలోనూ (ప్రోటీన్ భాగాల్లోనూ) ఉండే ఎస్4 అనే ముక్కలు, ధనావేశాలు మోస్తున్నవి కాబట్టి, బయటివైపుకు జరిగి ద్వారం తెరుస్తాయి. ఒకటి రెండు మిల్లీసెకన్లకే మూడో డొమైనుకీ నాలుగో దానికీ మధ్య ఉన్న లూపు వచ్చి ప్రవాహాన్ని ఆపేస్తుంది. ఇది ఇనాక్టివేషన్. వోల్టేజి మళ్లీ కిందికి దిగి కాసేపు అక్కడే ఉంటే తప్ప ఆ చానెల్ మళ్లీ తెరుచుకోదు.

తెరుచుకోవడాన్నీ ఇనాక్టివేషన్‌నీ విడివిడిగా కొలవడానికి హోల్‌సెల్ ప్యాచ్ క్లాంప్ వాడతారు: సన్నని గాజు పిపెట్‌ను కణానికి అతికించి, అక్కడి పొరను చీల్చి, కణం వోల్టేజిని మనం కోరిన చోట నిలిపి కరెంటు కొలిచే పద్ధతి. పొడవైన ఆక్సాన్ (తీగలాంటి కొమ్మ) ఉన్న న్యూరాన్ జోలికి పోకండి. దూరంగా ఉన్న పొర మన అదుపులో ఉండదు. కరెంటు క్రమంగా పెరగకుండా ఒక వోల్టేజి దగ్గర ఉన్నట్టుండి ఎగురుతుంది, ఆలస్యంగా వస్తుంది. హెచ్ఈకే 293 కణాలు (ల్యాబులో పెంచే మనిషి కిడ్నీ కణాలు) గానీ, విడదీసినప్పుడు కొమ్మలు తెగి గుండ్రంగా మిగిలిన చిన్న న్యూరాన్లు గానీ మేలు.

బయటి ద్రావణంలో మిల్లీమోలార్లలో సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 3, కాల్షియం క్లోరైడ్ 1, మెగ్నీషియం క్లోరైడ్ 1, హెపెస్ (పీహెచ్‌ను నిలిపే బఫర్) 10, పీహెచ్ 7.3. న్యూరాన్లయితే కాల్షియం చానెళ్లను ఆపడానికి కాడ్మియం 0.1 కలపాలి. పిపెట్‌లోకి సీజియం ఫ్లోరైడ్ 120, సోడియం క్లోరైడ్ 10, ఈజీటీఏ (కాల్షియంను పట్టేసే పదార్థం) 10, హెపెస్ 10, పీహెచ్ 7.3కి సీజియం హైడ్రాక్సైడ్‌తో తేవాలి. సీజియం పొటాషియం చానెళ్లను అడ్డుకుంటుంది. ఆ కొద్ది క్లోరైడ్‌ని మానేయొద్దు: అది లేకపోతే వెండి తీగ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ నిలకడగా ఉండదు.

పిపెట్ నిరోధం 1.5 నుంచి 2.5 మెగా ఓములు. ద్రావణంలో ముంచాక ఆఫ్‌సెట్ (ముందే ఉండే వోల్టేజి తేడా) సున్నా చేసి, గిగాసీల్ (పిపెట్‌కీ పొరకీ మధ్య గిగా ఓముల గట్టి అతుకు) వచ్చాక పొరను చీల్చండి.

ఎక్కువ డేటా పాడయ్యేది ఇక్కడి నుంచే. యంత్రానికీ కణానికీ మధ్య, పిపెట్ కొన దగ్గర వచ్చే సిరీస్ నిరోధం 5 మెగా ఓములు, కరెంటు 5 నానో ఆంపియర్లు అనుకోండి. రెండూ గుణిస్తే 25 మిల్లీవోల్టుల తప్పు. యంత్రం −20 అని చూపిస్తున్నా కణం ఉన్నది +5 దగ్గర! యంత్రంలో 80 శాతం కాంపెన్సేషన్ (ఈ తప్పును సరిదిద్దే అమరిక) పెడితే తప్పు 5కి తగ్గుతుంది. అప్పటికీ కరెంటు పెద్దదే అయితే బయటి సోడియంను 40కి తగ్గించి, లోటును కోలిన్ క్లోరైడ్‌తో పూడ్చండి. కాంపెన్సేషన్‌ని మరీ పెంచితే ట్రేస్ ఊగిపోయి కణం చస్తుంది.

కణాన్ని −120 దగ్గర నిలిపి, −80 నుంచి +60 వరకు 10 మిల్లీవోల్టుల మెట్లలో, ఒక్కో మెట్టు 50 మిల్లీసెకన్లు ఇవ్వండి. ఫిల్టర్ 10 కిలోహెర్ట్జ్, శాంప్లింగ్ 50 కిలోహెర్ట్జ్. లీకును (ఈ చానెళ్ల ద్వారా కాకుండా కారే కరెంటును) పీ/4 పద్ధతిలో, అంటే నాలుగో వంతు ఎత్తున్న నాలుగు పల్సులిచ్చి వాటి కరెంట్ల మొత్తాన్ని తీసివేసి, తొలగించాలి. పై ద్రావణాలతో గది ఉష్ణోగ్రతలో కరెంటు దిశ మారాల్సింది సుమారు +67 దగ్గర. అక్కడికి బాగా ముందే మారుతోందంటే లీకునో, సిరీస్ నిరోధాన్నో అనుమానించండి.

ఇనాక్టివేషన్ కోసం −120 నుంచి −10 వరకు 500 మిల్లీసెకన్ల ముందు పల్సులిచ్చి, ఒక్కోదాని వెంటనే 0 దగ్గర పరీక్ష పల్స్ ఇవ్వండి. పరీక్ష పల్స్‌లో వచ్చిన కరెంటును ముందు పల్స్ వోల్టేజికి ఎదురుగా గీస్తే ఒక వక్రం వస్తుంది; సీజియం ఫ్లోరైడ్‌తో ఇది కాలం గడిచేకొద్దీ రుణాత్మకం వైపు జరుగుతుంది. అందుకే పొర చీల్చాక 5 నిమిషాలు ఆగడం లాంటి నియమం ఒకటి పెట్టుకుని, ప్రతి కణానికీ అదే పాటించాలి. మందు వేసిన కణాలను ఆలస్యంగా, వేయనివాటిని తొందరగా కొలిస్తే మందు ప్రభావం పేరుతో ఈ జారుడే గ్రాఫులోకి ఎక్కుతుంది.

చివర్లో 300 నానోమోలార్ టెట్రోడోటాక్సిన్ (సోడియం చానెళ్లను మూసే విషం) వేసి, అప్పటికీ మిగిలిన కరెంటును మొదటి కరెంటు నుంచి తీసివేస్తే సోడియంది తేలుతుంది. ఈ విషం నావ్1.5, 1.8, 1.9 అనే సోడియం చానెల్ రకాల మీద సరిగా పనిచేయదు. నొప్పి న్యూరాన్లలో 1.8, 1.9 ఉంటాయి కాబట్టి, అక్కడ మిగిలినదాన్ని లీకు అనుకుని పారేయకూడదు.