ముదిరిన గోంగూర కాడల నుంచి మంచి నార: బాక్టీరియాతో ఊరబెట్టే పద్ధతి

ఆకు కోసుకోవటం అయిపోయాక ముదిరిన గోంగూర కాడలు గట్టు మీద పడేస్తారు, మా గుంటూరు పక్క ఏ ఊళ్ళో చూసినా ఇదే, కానీ గోగునార వచ్చేది ఆ కాడల బెరడు నుంచేనండి. కాడలో పోగుల్ని అతికించి పెట్టేది పెక్టిన్ అనే జిగురు. నీళ్ళల్లో ఉండే బాసిల్లస్, క్లాస్ట్రీడియం లాంటి బాక్టీరియా వదిలే ఎంజైములు ఆ జిగురుని కరిగిస్తాయి, పోగుకి బలం ఇచ్చే సెల్యులోజ్ జోలికి మొదట్లో పెద్దగా పోవు. కాస్టిక్ సోడాలో ఉడకబెడితే పని తొందరగా అవుద్ది నిజమే, కానీ మోతాదు మించితే నార బలం పోద్ది, చేతులు కాలతాయి. ఇంటి దగ్గర చేసేవాళ్ళకి బాక్టీరియానే నయం.

పూత మీద ఉన్నప్పుడు కొయ్యండి, లేతవైతే నార తక్కువ, కాయ ముదిరితే మొరటు. బెరడు పచ్చిగా ఉండగానే వలిచేసుకోండి, ఎందుకంటే కాడలు మొత్తం ముంచాలంటే చెరువు కావాలి, బెరడు ఒక్కటే అయితే ప్లాస్టిక్ తొట్టి చాలు, టైమూ తగ్గుద్ది. కిలో బెరడుకి 10 లీటర్ల నీళ్ళన్నా పొయ్యండి. ఇనప డ్రమ్ము మాత్రం వద్దు, ఇనుము బెరడులో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నారని నల్లగా చేసేస్తది. పైన బరువుగా మట్టిగడ్డలు, అరటి బోదెలు కూడా పెట్టొద్దు, రంగు చెడేది సగం అక్కడే, నీళ్ళు నింపిన బాటిళ్ళు పెట్టుకోండి.

కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా ఒక రాత్రి మూత తీసి ఉంచి, తర్వాత బాక్టీరియా కోసం రెండు చెంబులు కాలవ నీళ్ళు, చిటికెడు యూరియా కలపండి, యూరియా బాక్టీరియాకి తిండి. ఇంతకుముందు ఎవరన్నా ఊరబెట్టిన నీళ్ళు దొరికితే అంతకంటే మంచిది లేదు, పాలకి తోడు వేసినట్టే పని చేస్తది. పశ్చిమ బెంగాల్ బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ వాళ్ళు దీనికే క్రైజాఫ్ సోనా అని ఒక పొడి చేశారు, అందులో ఉండేది బాసిల్లస్ ప్యూమిలస్, జనపనారకి అది వాడితే దాదాపు వారం కలిసొస్తది. మరి మన ఎరువుల షాపులో దొరికే బాసిల్లస్ సబ్టిలిస్ పొడి వెయ్యొచ్చా అంటే, అది పంటకి తెగుళ్ళు రాకుండా ఎంచిన రకమండి, జిగురు కరిగించే పనికి దాన్ని నమ్ముకోలేం.

నీళ్ళు 30 నుంచి 35 డిగ్రీలు ఉంటే పని బాగా సాగుద్ది. మన దగ్గర పూత వచ్చేసరికి చలి మొదలవుద్ది కాబట్టి తొట్టిని ఎండ తగిలే చోట పెట్టండి. రెండో రోజుకి బుడగలు, మూడో రోజుకి వాసన, ఆ వాసన బాక్టీరియా వదిలే బ్యూటిరిక్ యాసిడ్‌ది, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టారంటే పక్కింటివాళ్ళు మాట్లాడటం మానేస్తారు. మరీ పుల్లగా కొడుతుంటే సగం నీళ్ళు పారబోసి కొత్తవి పొయ్యండి, ఆమ్లం ఎక్కువైతే బాక్టీరియానే నీరసపడిపోద్ది.

అసలు కష్టం ఎప్పుడు ఆపాలో తెలుసుకోవటమే. వారం పది రోజులు పట్టొచ్చు గానీ లెక్క రోజులతో కాదు, వేళ్ళతో. నాలుగో రోజు నుంచి రోజూ ఒక పీలిక తీసి మొదలు వైపు, అంటే దళసరిగా ఉండే చివర, బొటనవేలితో రుద్ది చూడండి, చివరికి ఊరేది ఆ భాగమే. పై తొక్క జారిపోయి పోగులు విడివిడిగా వస్తుంటే అదే రోజు తీసేయండి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే జిగురు అయిపోయాక బాక్టీరియా సెల్యులోజ్ మీద కూడా పడతాయి, నార లాగితే తెగుద్ది. తొందరపడి తీస్తే తొక్క ముక్కలు అంటుకునే ఉంటాయి, అది పర్లేదు, మళ్ళీ ముంచొచ్చు.

తీశాక మంచినీళ్ళల్లో జాడించి, పిండకుండా, వెదురు మీద ఆరేయండి, నేల మీద వద్దు. ఇంతా చేసి పత్తిలా మెత్తగా రాలేదే అనుకోకండి, పోగుని బిరుసుగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఈ బాక్టీరియా కరిగించలేవు, అందుకే గోగునార కొంచెం బిరుసుగానే ఉంటది, తాళ్ళకి, సంచులకి, చాపలకి అది సరిపోద్ది. మిగిలిన నీళ్ళు బందరు కాలవలోనో చేపల చెరువులోనో పొయ్యకండి, నీళ్ళల్లో ఆక్సిజన్ లాగేస్తది, చేపలు చస్తాయి. తోడుకి ఒక బకెట్ ఉంచుకుని మిగతాది కొబ్బరి మొదట్లో పోసేయండి.