రన్‌వే పాఠాలు – 4: రెండు ల్యాండింగ్‌ల మధ్య ఒక టేకాఫ్

ముంబయిలో రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. అందుకే మామూలుగా ఒక సమయంలో ఒక్కటే వాడతారు. అయినా 2018లో ఒకే రోజు వెయ్యికి పైగా టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు జరిగాయి. అంటే సగటున 86 సెకన్లకు ఒకటి. టవర్‌లో కంట్రోలర్ ఎంత చురుకైనా, కాక్‌పిట్ కలిసిరాకపోతే ఇది సాగదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. కాగితం తీసుకోండి.

దిగబోతున్న రెండు విమానాల మధ్య 6 నాటికల్ మైళ్ల ఎడం ఉంది. వెనక విమానం గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చిన వేగం) 140 నాట్లు, అంటే గంటకు 140 నాటికల్ మైళ్లు. 6ను 3,600తో గుణించి 140తో భాగించండి. 154 సెకన్లు. మొదటిది దిగి రన్‌వే ఖాళీ చేయడానికి 55 వేసుకోండి. మధ్యలో వెళ్లే విమానానికి టేకాఫ్ అనుమతి, రీడ్‌బ్యాక్ (పైలట్ దాన్ని తిరిగి చెప్పడం), ఇంజన్లు పుంజుకోవడం అన్నీ కలిపి 10. పరుగెత్తి, లేచి, రన్‌వే చివర దాటడానికి 60. మొత్తం 125. మిగిలినవి 29 సెకన్లే.

ఇప్పుడు ఆ 29 ఎలా కరిగిపోతాయో చూడండి. దిగిన పైలట్ అనుకున్న ఎగ్జిట్ (రన్‌వే నుంచి బయటికెళ్లే దారి) వదిలేసి తర్వాతి దానిదాకా నింపాదిగా వెళ్లాడు: ఓ 18 సెకన్లు. టేకాఫ్‌కు నిలబడ్డవాళ్ల చెక్‌లిస్టు ఇంకా పూర్తికాలేదు: మరో 15. అంతే, వెనకవాళ్లకు గో అరౌండ్: దిగకుండా మళ్లీ పైకి లేవాల్సిందే. కంట్రోలర్ లెక్కలో తప్పేమీ లేదు.

అందుకే ఏ ఎగ్జిట్‌లో బయటికెళ్లాలో అప్రోచ్ బ్రీఫింగ్‌లోనే, అంటే దిగడానికి ముందు పైలట్లు మాట్లాడుకునేటప్పుడే అనుకోవాలి. మలుపు తిరగగానే ఆగకూడదు. తోక కూడా హోల్డింగ్ పాయింట్ గీత (రన్‌వేలోకి వెళ్లేముందు విమానాలు ఆగే గీత) దాటాకే రన్‌వే ఖాళీ అయినట్టు.

టేకాఫ్ వైపు ఒక మాట శ్రద్ధగా వినండి: “బిహైండ్ ఎయిర్‌బస్ ఆన్ షార్ట్ ఫైనల్, లైన్ అప్ బిహైండ్.” అంటే, దిగడానికి రన్‌వే దగ్గరికి వచ్చేసిన ఆ ఎయిర్‌బస్ మన ముందు నుంచి వెళ్లాకే, దాని వెనక రన్‌వే మీదికి వచ్చి నిలబడమని. ‘బిహైండ్’ రెండుసార్లు ఊరికే అనలేదు, ఒకటి చెవిన పడకపోయినా రెండోది పడాలని. రీడ్‌బ్యాక్‌లో ఆ షరతు తప్పకుండా ఉండాలి. ఆ ఎయిర్‌బస్ కంట్రోలర్‌కూ మనకూ కంటికి కనిపిస్తుండాలి. కనిపించకపోతే ఒప్పుకోకండి, వెంటనే చెప్పేయండి.

ఇదంతా తొందరపెట్టడం అనుకోవద్దు. కంట్రోలర్‌కు కావలసింది వేగం కన్నా ముందే తెలియడం. రన్‌వే మీదికి రాకముందే “నాట్ రెడీ” అన్న పైలట్ వల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ ఖాళీలో ఇంకొకరిని పంపుతారు. రెడీ అని లోపలికొచ్చి తడబడితేనే చిక్కు.

అభ్యాసం: ఎదురుగాలి పెరిగి గ్రౌండ్ స్పీడ్ 120 నాట్లకు పడింది. మిగతా అంకెలు అవే. ఆరు మైళ్ల ఎడంలో ఎన్ని సెకన్లు మిగులుతాయి? 29 సెకన్లే చాలనుకుంటే ఎడం ఎన్ని మైళ్లకు తగ్గించవచ్చు? ముందు వెళ్లేది హెవీ (బాగా బరువైన తరగతి) విమానమైతే ఈ లెక్క ఎలా మారుతుందో ఐదో పాఠంలో.