అన్ని ఖాతాల్లో ఒకేసారి పోస్టు వేసే ముందు

సోషల్ మీడియా ఖాతాలన్నిటికీ ఒకేసారి పోస్టు పంపే ప్రోగ్రామ్ రాస్తున్నారా? టోకెన్లు (ప్రోగ్రామ్‌ను మీ ఖాతాలోకి రానిచ్చే రహస్య తాళాలు) కోడ్‌లో రాయొద్దు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి టోకెన్ ఒక్కసారి ఎక్కిందంటే, తుడిచినా పాత కమిట్లలో (అందులో దాచిన పాత మార్పుల్లో) ఉండిపోతుంది. అది రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. బ్లూస్కైకి మీ అసలు పాస్‌వర్డ్ కాదు, యాప్ పాస్‌వర్డే (ప్రోగ్రామ్‌ల కోసం విడిగా తీసుకునేది) ఇవ్వండి.

అక్షరాలు లెక్కపెట్టుకోండి. ఎక్స్‌లో మామూలు ఖాతాకు 280, బ్లూస్కైలో 300, మాస్టోడాన్‌లో సాధారణంగా 500. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే, ఎక్స్ మాత్రం హల్లులు, పొల్లులు, గుణింతం విడివిడిగా లెక్కేసి 6 అంటుంది!

టైమ్‌జోన్ తప్పక చూడండి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. దేవుని కడప తేరుకు రమ్మని పొద్దున 6కి పెట్టిన నా పోస్టు 11:30కి పడింది. అప్పటికి మావాళ్లు గుడికెళ్లి ఇంటికొచ్చేశారు. మా మామ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

టైమౌట్ వస్తే (సర్వర్ నుంచి సమయానికి జవాబు రాకపోతే) గుడ్డిగా మళ్లీ పంపొద్దు, మొదటిది పడిందేమో చూడండి. తొలి ప్రయత్నం టెస్ట్ ఖాతాలోనే.